జంటఖడ్గములు

చీనాదేశపు ఖడ్గవిద్యలో ఒక విన్యాసమునకు "తూనీగ నీటిని తాకుట" అని పేరు. చెరువుపై ఎగురు తూనీగ తోకకొనను ఒక్క క్షణము నీటికి ఆనించి, అలలు లేచునంతలోనే పైకెగిరిపోవుట పల్లెటూళ్ల పిల్లలందరు ఎరిగినదే. ఖడ్గధారియు అట్లే పాదములు రెండును చేర్చి నిలిచి, మణికట్టును తటాలున ఎత్తి, కత్తిమొనను ముందునకు వంచి లక్ష్యమును తాకించును. చేయి బిగిసిన మొన మొరటుగా పడును; వదులైన గురి తప్పును. ఆ పట్టు ఎంత ఉండవలెనో గంటసేపు వివరించినను బోధపడుట కష్టము. తూనీగను చూచినవానికి ఒక్కమాట చాలును.

ఇట్టి పేర్లు ఆ విద్యలో ఎన్నియో కలవు. వానకోయిల ఎగురుచునే నీటిని ఒరసికొని పోవును. ఆ పేరుగల విన్యాసమున ఖడ్గధారి ఒక మోకాలు మడచి నేలవరకు క్రుంగి, రెండవ కాలు చాచి, కత్తిని నేలబారుగా ఊడ్చి అంతలోనే లేచును. "తెల్లపాము నాలుక చాచుట" అనునది సూటియైన పోటు. "గాలికి తామరాకు చుట్టుకొనుట" అనగా దేహమంతయు కత్తితో కూడ గిరగిర తిరుగుట. "చంద్రుని కౌగిట పట్టుట" అన్నప్పుడు కత్తి రొమ్మునకు దగ్గరగా వచ్చి నిలుచును. "ఆకు చాటున పూవును దాచుట" అన్నపుడు ఒక చేతి క్రింద రెండవ చేతి ఆయుధము మరుగుపడును. శత్రువునకు ఆకు మాత్రమే కనబడును.

వీనిలో విద్యార్థులకు ముచ్చట గొలుపు పేరు "కుయ్‌షింగ్". అది ఒక నక్షత్రదేవత పేరు. పూర్వము చీనాలో ప్రభుత్వోద్యోగమునకై జరుగు మహాపరీక్షలకు పోవువారు ఈ దేవతను కొలిచెడివారు. సముద్రమందలి మహాకూర్మము తలపై ఒక పాదమూని, రెండవ కాలు వెనుకకెత్తి, చేత కుంచెకలము పైకెత్తి పట్టినట్లు ఆయనను చిత్రింతురు. ఆ పరీక్షలు 1905వ సంవత్సరమున రద్దయినవి. దేవత మాత్రము ఖడ్గవిద్యలో నిలిచియున్నాడు: ఒంటికాలిపై నిలిచి, కత్తిని తలపైకెత్తి పట్టు భంగిమకు ఆయన పేరే పెట్టిరి. కలమున్నచోట కత్తి వచ్చినది గాని నిలుకడ మారలేదు.

భారతదేశమునుండి వెళ్లినవారును ఈ పేర్లలో కలరు. "యెచ సముద్రమును వెదకుట" అను భంగిమలోని యెచ మన యక్షుడే. బౌద్ధగ్రంథములతోపాటు ఆ పదము చీనాకు చేరినది. "మహాపక్షి రెక్కలు విప్పుట" అను వేరొక పేరుగల విన్యాసమున రెండు చేతులును ఇరువైపుల చాపబడును. ఆ మహాపక్షి చీనా పురాతన గ్రంథములలోనిదే అయినను, బౌద్ధకథలు వ్యాపించిన తరువాత జనులు దానిని గరుత్మంతునితో ఏకము చేసిరి.

పేర్లు ఇట్లు కావ్యమువలె ఉండుటకు అలంకారప్రియత్వ మొక్కటియే కారణము కాదు. గురువులలోను శిష్యులలోను చదువురానివారు పెక్కుమంది యుండిరి. పదుల సంఖ్యలోనున్న కదలికలను క్రమము తప్పక జ్ఞాపకముంచుకొనుటకు వారు పేర్లను పాటగా కూర్చి వల్లించెడివారు. ఒక పేరు పలికినంతనే దేహము దానిని చేయును. దానివెంట మరియొక పేరు వచ్చును. అయితే ఇందులో ఒక చిక్కు కలదు. ఒకే పేరు ఒక సంప్రదాయమున ఒక కదలికను, వేరొక సంప్రదాయమున వేరొక కదలికను తెలుపును. అందుచే పేర్ల పట్టిక మాత్రమే చేతికి చిక్కినవానికి విద్య చిక్కదు. పాటను చేతులతో చేసి చూపువాడు లేకున్నచో తూనీగ తూనీగగానే మిగిలిపోవును.

చీనా ఖడ్గములు ముఖ్యముగా రెండు విధములు. జియెన్ అనునది తిన్నని కత్తి. దానికి రెండు వైపులను పదునుండును. దావో అనునది ఒకవైపు మాత్రమే పదునుండి, తరచు వంకరగానుండును. ఈ రెంటిని జంటగా కూడ ప్రయోగింతురు. ఒంటి జియెన్ పట్టినవాడు ఎడమచేతి చూపుడువ్రేలిని, నడిమివ్రేలిని చాచి, తక్కిన వ్రేళ్లు మడచి, ఆ చేతిని తూకమునకై కత్తికి తోడుగా నడపును. జంటకత్తులలో ఆ వెసులుబాటు లేదు. ఒకటి అడ్డుకొనుచుండగా రెండవది పొడువవలెను. ఒకటి పైన తిరుగుచుండగా రెండవది క్రింద తిరుగవలెను. మణికట్ల వలయములలో ఒక్క క్షణము తడబాటు కలిగిన కత్తి కత్తికి తగులును, లేదా తన చేతికే తగులును. "ఒంటికత్తియందు చేతిని చూడుము, జంటకత్తులయందు నడకను చూడుము" అని అక్కడి ఉపాధ్యాయుల సామెత. చేతులు రెండును ఒకదాని దారికొకటి అడ్డుపడకుండవలెనన్న దేహమే చోటు మారుచుండవలెను. ఆ పని పాదములది.

జంటఖడ్గములను కొన్నిచోట్ల ఒకే ఒరలో ఉంచెదరు. అప్పుడు ఒక్కొక్క కత్తి లోపలివైపు చదునుగా నుండి, రెండును చేర్చినపుడు ఒకే కత్తివలె కనబడును. వీనికి "యువాన్‌యాంగ్ ఖడ్గములు" అని పేరు. యువాన్‌యాంగ్ అనునవి ఎప్పుడును జతగా తిరుగు రంగురంగుల బాతులు. మన కవులకు జక్కవలెట్లో చీనాకవులకు అవి యట్లు.

జంటకత్తుల పుట్టుకను గూర్చి చీనావారు చెప్పుకొను కథ అంత సుకుమారమైనది కాదు. క్రీ.పూ. 6వ శతాబ్దము చివర వూ రాజ్యమును హెలూ అను రాజు ఏలుచుండెను. ఆయన ఆజ్ఞపై గాన్ జియాంగ్ అను కమ్మరి ఖడ్గములు చేయబూనెను. మూడు నెలలు గడచినను లోహము కరగలేదు. తన గురువునకు ఇట్టి ఆపద వచ్చినపుడు గురువును, గురుపత్నియు కొలిమిలో దుమికిరని గాన్ జియాంగ్ భార్యకు చెప్పెను. ఆమె పేరు మో యె. ఆమె తన జుట్టును, గోళ్లను కత్తిరించి కొలిమిలో వేసెను, మూడువందలమంది బాలబాలికలు తిత్తులూదిరి, లోహము కరగెను. తయారైన కత్తులు రెండు. మగకత్తిపై తాబేటిచిప్ప గీతలు, ఆడుకత్తిపై నీటిపాయలవంటి గీతలు ఏర్పడెను. మగకత్తికి భర్త పేరును, ఆడుకత్తికి భార్య పేరును నిలిచెను. కమ్మరి మగకత్తిని దాచి ఆడుకత్తిని మాత్రమే రాజునకు సమర్పించెను. వేరొక గ్రంథములోని కథ ప్రకారము రాజు ఈ సంగతి కనిపెట్టి కమ్మరిని చంపించెను. కుమారుడు పెరిగి పెద్దవాడై పగ తీర్చుకొనెను.

నవలలలో జంటకత్తుల వీరులకు కొదువ లేదు. మూడు రాజ్యముల కథలో ల్యూ బెయ్ జంట జియెన్లు ధరించును. "జలతీర కథ" యందు హూ సాన్‌నియాంగ్ అను వీరవనిత గుఱ్ఱముపైనుండి రెండు దావోలు త్రిప్పుచు మగవారినే చెరపట్టును.

నిజమైన రణములో ఈ విన్యాసముల ఉపయోగమెంత? ఈ ప్రశ్న వేసినవాడు సామాన్యుడు కాడు. చీ జీగ్వాంగ్ అను సేనాపతి 16వ శతాబ్దమున సముద్రతీరముపై దండెత్తు దొంగలను ఎదిరించినవాడు. 1560 ప్రాంతమున రచించిన సైనికశిక్షణ గ్రంథమున ఆయన "పూలపద్ధతు"లను, అనగా చూపునకు మాత్రమే సొంపైన తిప్పుళ్లను, తీవ్రముగా నిరసించెను. సైన్యము కిక్కిరిసి ముందుకు సాగునప్పుడు కుడియెడమలకు కదలుటకే చోటుండదు. అచ్చట గిరగిర తిరుగువానికి ప్రక్కవాడే మొదటి శత్రువగును. ఆశ్చర్యమేమనగా, అదే గ్రంథమున ఆయన నమోదు చేసిన 32 ముష్టి భంగిమలలో "బంగారు కోడిపుంజు ఒంటికాలిపై నిలుచుట" కూడ కలదు. పూలను ఏరివేసిన సేనాపతి పేర్లను ఏరివేయలేదు.

సైన్యము వలదన్నదానిని రంగస్థలము ఆదరించినది. తాంగ్ వంశపు కాలమున గోంగ్సున్ దానియాంగ్ అను నర్తకి వీరనృత్యమున సాటిలేనిదిగా పేరొందెను. ఆమె నృత్యమును చూచి ఝాంగ్ షూ అను లేఖనకళాకారుని గొలుసువ్రాత మెరుగుపడెనని ప్రసిద్ధి. కవి దు ఫు చిన్ననాడు ఆమె నృత్యము చూచెను. 767వ సంవత్సరమున, దేశము అంతర్యుద్ధముచే చితికియుండగా, వృద్ధుడై దూరప్రాంతమున నివసించుచు ఆమె శిష్యురాలి నృత్యమును చూచి, ఆ కదలికలలో గురువును గుర్తుపట్టి పద్యము రచించెను. అర్ధశతాబ్దము గడచినను, రాజ్యమే తలక్రిందులైనను, ఒక చేతినుండి మరియొక చేతికి అందిన విద్య చెక్కుచెదరలేదు.

జంటఖడ్గముల నృత్యములలో నేడు మిక్కిలి ప్రసిద్ధమైనది మేయి లాన్‌ఫాంగ్ (1894–1961) రూపొందించినది. ఆయన స్త్రీపాత్రలు ధరించుటలో అగ్రగణ్యుడు. 1922లో బీజింగునందు ప్రదర్శించిన నాటకమున ఆయన యూ జీ పాత్రకై ఖడ్గవిద్యను ప్రత్యేకముగా అభ్యసించెను. క్రీ.పూ. 202లో షియాంగ్ యూ అను వీరుడు శత్రువులచే చుట్టుముట్టబడి, తన దేశపు పాటలే నలువైపుల శత్రుశిబిరములనుండి వినబడగా దేశము పోయినదని నిరాశ చెందును. అతని దుఃఖము మరపించుటకు ప్రియురాలు యూ జీ నృత్యము చేయును. ఒకటిగా కనబడిన ఖడ్గము ఆమె చేతులలో రెండై విడిపోవును. ఆమె ముఖము రాజువైపు తిరిగినపుడు చిరునవ్వును, ప్రక్కకు తిరిగినపుడు కన్నీటిని చూపును. ఆ రాత్రియే ఆమె కడపటి రాత్రి.

1957లో చీనా ప్రభుత్వ క్రీడాశాఖ తాయ్‌జీ ఖడ్గవిద్యనుండి 32 విన్యాసములను ఏర్చి, ఒంటి జియెన్‌తో అందరును నేర్వదగిన పాఠముగా కూర్చెను. అందు "తూనీగ నీటిని తాకుట" అనునది "పాదములు చేర్చి మొన తాకించుట" అయినది. వానకోయిల "క్రుంగి అడ్డముగా ఊడ్చుట" అయినది. కుయ్‌షింగ్ "ఒంటికాలిపై నిలిచి వెనుకకు పొడుచుట" అయినాడు. క్రొత్త పేర్లు ఏ ఊరివానికైనను ఒకే అర్థమునిచ్చును. గురువు చెంత లేనివాడును వానిని చదివి పాదమెక్కడ ఉంచవలెనో తెలిసికొనగలడు. ఇది చిన్న మేలు కాదు. అయినను కొన్ని గ్రంథములలో క్రొత్త పేరు ప్రక్కన, కుండలీకరణములలో, తూనీగయు వానకోయిలయు ఇంకను అచ్చుపడుచునే యున్నవి.