దావా ఖర్చుల భారమెవరిది?
ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: పొలం గట్టు తగాదాలో మూడేండ్లు కోర్టు చుట్టూ తిరిగి, ఖర్చులతో సహా డిక్రీ పొందితిని. తీరా చూడగా ప్లీడరుగారికి నేనిచ్చిన ఫీజులో నాలుగోవంతైనా అందులో లేదు. ఇది న్యాయమేనా?
- ఒక రైతు, తెనాలి

జవాబు: ఓడినవాడు గెలిచినవాని ఖర్చు నిచ్చుకొనవలెనను సూత్రము 1908 నాటి సివిల్ ప్రొసీజరు కోడు 35వ సెక్షనులోనే కలదు, అట్లు ఇప్పింపదలచని న్యాయమూర్తి అందుకు కారణము వ్రాయవలసియుండును. కాని ఖర్చులనగా మీ చేతినుండి జారిన ప్రతి రూపాయియు కాదు. మీ డిక్రీ చివరనున్న పట్టిక చూడుడు: దావా స్టాంపు, వకాల్తా స్టాంపు, ప్లీడరు ఫీజు, సాక్షుల బత్తా, కమీషనరు ఫీజు, నోటీసుల ఖర్చు అని వరుసగా నుండును. వానిలో ప్లీడరు ఫీజు మీరిచ్చుకొన్న మొత్తము గాక, నిబంధనలనుసరించి కట్టిన మొత్తము మాత్రమే. తప్పుడు దావా వేసి వేధించినవానిచే ఇప్పించు పరిహారమునకు సైతము 35-ఎ సెక్షను పెట్టిన హద్దు 3,000 రూపాయలే. వాస్తవముగా, సహేతుకముగా అయిన ఖర్చులు ఇప్పింపవలెనని సుప్రీంకోర్టు 2005లో సేలం న్యాయవాదుల సంఘము కేసులో చెప్పి, నిబంధనలను సవరింపవలెనని 2011లో మరల హెచ్చరించినది. గెలిచినవాడు ఓడినట్టే అను సామెత ఊరక పుట్టలేదు.

ప్రశ్న: అమెరికాలో గెలిచినవాడు కూడ తన లాయరు ఫీజు తానే భరింపవలెనని డాలస్‌లోనున్న మా అబ్బాయి వ్రాసినాడు. నిజమా?
- ఒక తండ్రి, హైదరాబాదు

జవాబు: నిజమే. 1796లో ఆర్కాంబెల్ - వైజ్‌మన్ వ్యాజ్యమున నష్టపరిహారపు లెక్కలో చేరిన 1,600 డాలర్ల లాయరు ఫీజును అక్కడి సుప్రీంకోర్టు కొట్టివేసినది. 1975లో అలాస్కా చమురు గొట్టపు మార్గమునకు సంబంధించిన కేసులో, ఆ నియమమును మార్పవలసినది శాసనసభయే గాని కోర్టులు కావని తీర్పు చెప్పినది. మరుసటి ఏడాదియే కాంగ్రెసు, పౌరహక్కుల దావాలలో గెలిచిన పక్షమునకు ఫీజు ఇప్పించు చట్టము చేసినది. చేత కాసులేని క్షతగాత్రుడును అక్కడ కోర్టుకెక్కగలుగుటకు కారణము వేరు: గెలిచిన పైకములో తరచుగా మూడవవంతు పుచ్చుకొను ఒప్పందముపై, ఓడినచో ఫీజు అడుగకయే, లాయర్లు వాదింతురు. మన దేశమున అట్టి ఒప్పందమును బార్ కౌన్సిలు నియమములు నిషేధించినవి.

ఇంగ్లండులో 1278 నాటి గ్లోస్టర్ శాసనము మొదలుకొని గెలిచిన వాదికి ఖర్చులు దక్కుచున్నవి. అయినను, ఎదుటివాని ఖర్చు నెత్తిన పడునను భయముచే బీదవాడు న్యాయమైన దావానే వదలుకొనును గనుక, శరీరగాయముల కేసులలో ఓడిన వాది సాధారణముగా ప్రతివాది ఖర్చులు చెల్లింపనక్కరలేదని 2013లో మినహాయింపు చేసిరి. జర్మనీలో ఓడినవాడే ఇచ్చుకొనును. అయితే దావా విలువను బట్టి ఫీజుల పట్టిక చట్టమునందే ఉండుటచే, ఓడిన నెంత పోవునో ముందే లెక్క కట్టుకొనవచ్చును. నా మతమున ఈ జర్మను పద్ధతియే మెరుగు. ఎవరిచ్చుకొన్నను, ఎంతయో ముందు తెలిసినప్పుడే సామాన్యునికి ధైర్యము.

ప్రశ్న: భర్త పోయిన పిమ్మట మరదులు ఇంటిలో భాగమీయకున్నారు. కోర్టు ఫీజు కట్టు శక్తి నాకు లేదు.
- ఒక సోదరి, కర్నూలు

జవాబు: అమ్మా, స్తోమతు లేనివారు ఫీజు కట్టకయే దావా వేయుటకు కోడు 33వ ఆర్డరు వీలు కల్పించినది. అయితే అది వాయిదాయే గాని మాఫీ కాదు. ఓడినచో ఆ ఫీజు మీరే కట్టవలెను. దానికన్న, 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టము 12వ సెక్షను క్రింద, ఆదాయముతో నిమిత్తము లేకయే స్త్రీలకు ఉచిత న్యాయసహాయము పొందు హక్కు కలదు. భర్త మరణ ధ్రువపత్రమును, ఇంటి కాగితముల నకళ్లను వెంట నుంచుకొని జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యాలయమున అర్జీ ఇచ్చుకొనుడు. మరదులను లోక్ అదాలతుకు పిలిపింపుమనియు కోరుడు. అక్కడ రాజీ కుదిరినచో అప్పీలుండదు. దావాకు ఫీజు కట్టియున్నవారికి అదియు తిరిగి వచ్చును.