చుక్క పడిన చోటే రోగం ఉండదు

అప్పనపల్లి,
కార్తీకమాసం.

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీర్వదించి రాసేది. కార్తీకమాసం కదా, బాలబాలాజీ గుడికి జనం బాగా వస్తున్నారు, వైనతేయ రేవులో తెల్లవారుజామునే స్నానాలు మొదలవుతున్నాయి. మీ అత్త నిన్ను పండక్కి రమ్మంటోంది. అది తర్వాత మాట్లాడుకుందాం.

నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. ఆ టీచరమ్మగారి ఐ10 కింద గచ్చు మీద పడ్డ చుక్కలు ఎర్రగానే ఉన్నాయి. కాకపోతే కొత్త ఆయిల్ ఎరుపు కాదు, ఇటుక రంగుకి తిరిగిన ఎరుపు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కారిందంటే మొత్తం దింపాల్సిందేనని ఎవరో ఆవిడకి చెప్పారని, "దింపెయ్యనా మావయ్యా" అని అడిగావు. దింపకు. ఈ ఉత్తరం చివరిదాకా చదివి, అందులో రాసినవన్నీ చూసుకునేదాకా ఒక్క బోల్టు మీద కూడా పానా పెట్టకు. ఫోనులో చెబితే సగం నీ షెడ్డు చప్పుడులో కలిసిపోతుంది. అందుకే రాస్తున్నాను.

కువైట్‌లో షువైఖ్ షెడ్లలో నేను పనిచేసినప్పుడు చేత్తో గేర్లు వేసే కారు అరుదుగా వచ్చేది. షెవర్లే కాప్రిస్‌లు, పెద్ద జీఎంసీ బళ్లు, టయోటాలు, అన్నీ ఆటోమేటిక్‌లే. అక్కడి ఎండకి రబ్బరు సీళ్లు గట్టిపడిపోయి కారడం రోజూ ఉండే పని, ఎవరూ కంగారు పడేవారు కాదు. మన దగ్గర ఆ పెట్టె విప్పిన చేతులు తక్కువ, అందుకే భయం ఎక్కువ. ఆ భయాన్ని అడ్డం పెట్టుకుని బిల్లు రాసేవాళ్లూ ఉన్నారు. నువ్వు అలా కాకూడదనే నా తాపత్రయం.

ముందు కారుతున్నది ఏమిటో తేల్చు. రాత్రి బండి కింద తెల్ల అట్టముక్క పరిచి, ఇంజన్ ఏ వైపు, గేర్‌బాక్స్ ఏ వైపు, చక్రాలు ఎక్కడ అని దాని మీద పెన్సిల్‌తో గుర్తులు పెట్టు. పొద్దున్నే చూడు. మన తేమకి ఏసీ నీళ్లు ధారగా కారతాయి, అవి రంగులేని నీళ్లు. కూలెంటు ఆకుపచ్చగానో గులాబీగానో ఉండి, వేళ్ల మధ్య రుద్దితే జిడ్డు తక్కువగా ఉంటుంది. ఇంజన్ ఆయిల్ నల్లగానో గోధుమరంగులోనో ఉంటుంది. ఎర్రగా, జిడ్డుగా ఉంటే ఆటోమేటిక్ ఆయిలే అయ్యుండాలి. కొన్ని పాత కార్లలో పవర్ స్టీరింగ్ కూడా ఆయిల్‌తో నడుస్తుంది కాబట్టి అక్కడ దాని గొట్టాలు కూడా చూడాలి. ఐ10కి స్టీరింగ్ మోటారుతో నడుస్తుంది, ఆ అనుమానం లేదు.

ఇప్పుడు అసలు సంగతి. తాటాకిల్లు కారేటప్పుడు చుక్క మంచం మీద పడుతుంది, చిల్లు మాత్రం ఎక్కడో పైన వెన్నుగాడి దగ్గర ఉంటుంది. నీళ్లు వాసం పట్టుకుని జారి వస్తాయి. గేర్‌బాక్స్ ఆయిల్ కూడా అంతే. పైగా బండి నడుస్తుంటే గాలి దాన్ని వెనక్కి కొడుతుంది. అందుకని అన్నిటికంటే పైన, అన్నిటికంటే ముందు ఎక్కడ తడి ఉందో అక్కడ వెతకాలి. తడిసి, దుమ్ము పట్టిన పెట్టె మీద ఎవరికీ ఏమీ కనపడదు. ముందు కడుగు. కిరసనాయిలుతో కడిగి వదిలేస్తే దాని జిడ్డే మిగిలి మళ్లీ మోసం చేస్తుంది, కాబట్టి చివర్లో బ్రేక్ క్లీనర్ కొట్టి, గాలి పట్టి, పొడిగా ఆరనివ్వు. ఆ తర్వాత అనుమానం ఉన్న చోటల్లా టాల్కం పౌడరు పలచగా చల్లు. బండిని బోడసకుర్రు వంతెన దాకా తీసుకెళ్లి, ఆయిల్ బాగా వేడెక్కాక వెనక్కి తెచ్చి, లిఫ్ట్ మీద ఎక్కించి చూడు. తెల్లపొడి మీద ఎర్రగీత ఎక్కడ మొదలైందో అదే నీకు కావలసిన చోటు. లిఫ్ట్ లేకపోతే స్టాండ్లు పెట్టుకో. ఒక్క జాకీని నమ్మి బండి కిందకి దూరావని తెలిస్తే మీ అమ్మకి చెప్పి నీ షెడ్డు మూయించేస్తాను.

ఫోటోలో చుక్కలు ఎడమ ముందు చక్రానికి లోపలి వైపుగా ఉన్నాయి. ఆ కారుకి గేర్‌బాక్స్ ఉండేది ఎడమవైపే కాబట్టి నా అనుమానం డ్రైవ్ షాఫ్ట్ దూరే చోట ఉన్న ఆయిల్ సీలు మీద. అదే అయితే గేర్‌బాక్స్ దింపే పనే లేదు. షాఫ్ట్ లాగితే చాలు. కాని సీలు ఒక్కటే మార్చి పంపేస్తే కొన్నాళ్లకే మళ్లీ వస్తుంది, ఎందుకంటే చాలాసార్లు సీలు తనంతట తాను పాడవదు. లాగే ముందు షాఫ్ట్‌ని చేత్తో పట్టుకుని పైకీ కిందకీ ఊపి చూడు. బాగా ఆడుతుంటే లోపలి బేరింగ్ అరిగిందన్నమాట, ఎంత కొత్త సీలైనా ఆ ఊపుకి నిలవదు. షాఫ్ట్ బయటికొచ్చాక సీలు పెదవి ఆనే చోట గోరు పెట్టి గీయి. గోరు గాడిలో పడితే షాఫ్ట్ కూడా మార్చాలి, లేదా సీలుని గాడి తగలని మేర లోపలికో బయటికో దించి కూర్చోబెట్టాలి. కొత్త సీలు పెదవికి అదే ఆయిల్ రాసి, చుట్టూ సమానంగా ఆనే గొట్టం పెట్టి, వంకర పోకుండా కొట్టు. స్క్రూడ్రైవర్ పెట్టి ఒక పక్క పొడిస్తే ఆ సీలు అప్పుడే చచ్చిందనుకో. షాఫ్ట్ చివరి సర్‌క్లిప్ కూడా కొత్తది వెయ్యి. పది రూపాయల వస్తువు, పాతది వదిలేస్తే షాఫ్ట్ దారిలో ఊడి రావచ్చు.

గేర్‌బాక్స్ పైనున్న చిన్న గొట్టం, అదే గాలి పీల్చే బ్రీదర్, దాన్ని ఎవరూ చూడరు. మట్టితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బాగున్న సీళ్లలోంచి కూడా ఆయిల్ తోసుకొస్తుంది. ఆయిల్ మరీ ఎక్కువ పోసినా నురుగై అక్కడినుంచే చిమ్ముతుంది. ఆవిడ దారిలో ఒకటి రెండుసార్లు పోయించుకుందన్నావు కదా, లీకు అనుకున్నది ఆ ఎక్కువైనదే కావచ్చు. స్పీడ్ సెన్సారు ఓ-రింగ్, గేరు లివరు తీగ తగిలే షాఫ్ట్ సీలు, వైర్లు లోపలికెళ్లే ప్లగ్గు కూడా ఒక చూపు చూడు. చిన్న పనులే.

చాంబర్, అంటే గేర్‌బాక్స్ కింది ఆయిల్ తొట్టి, దాని ప్యాకింగ్ దగ్గర కారితే మాత్రం చెయ్యి ఆపుకోవడం నేర్చుకోవాలి. చాంబర్ తడిగా కనపడగానే మన కుర్రాళ్లు చేసే మొదటి పని బోల్టులన్నీ బలం కొద్దీ బిగించడం. ఆ ఆరు మిల్లీమీటర్ల బోల్టులకి సుమారు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. అంతకు మించితే రేకు అంచు బోల్టు దగ్గర లోపలికి వంగి, రెండు బోల్టుల మధ్య పైకి లేస్తుంది. కారడం ఇంకా ఎక్కువవుతుంది, లేదా అల్యూమినియం మరలు ఊడి లేత్ షాపుకి తిరగాల్సి వస్తుంది. విప్పాక అంచుని చెక్కదిమ్మ మీద పెట్టి, సుత్తితో మెల్లగా కొట్టి చదును చేసుకో. అనాబాండ్ గమ్ము పుయ్యమని కంపెనీ చెప్పిన చోటే పుయ్యి, అదీ సన్నటి దారమంత. లోపలికి పిండుకొచ్చిన గమ్ము ముక్క ఊడి ఫిల్టరుకి అడ్డం పడితే మంచి గేర్‌బాక్స్‌ని నీ చేత్తో చంపినట్టే. చాంబర్‌లో అయస్కాంతం మీద సన్నటి బూడిదరంగు ముద్ద మామూలే. మెరిసే ఇనప ముక్కలు కనపడితే, ఆయిల్ నల్లబడి మాడువాసన కొడితే, అప్పుడు లీకు సంగతి వెనకబడిపోయింది, లోపలి భాగాలు అరుగుతున్నాయి, లేదా క్లచ్ ప్లేట్లు కాలుతున్నాయి. ఆవిడకి ఆ మాట ముఖాన చెప్పాలి.

ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య హౌసింగ్ కిందినుంచి చుక్క వస్తేనే దింపే పని. అప్పుడు కూడా రంగు చూడు. నల్లగా వస్తే అది ఇంజన్ వెనక క్రాంక్ సీలు, గేర్‌బాక్స్ తప్పే లేదు. ఎర్రగా వస్తే టార్క్ కన్వర్టర్ సీలు. దింపాక కన్వర్టర్ మెడ మీద గాడి ఉందేమో, లోపలి బుష్ అరిగిందేమో చూడాలి. తిరిగి ఎక్కించేటప్పుడు కన్వర్టర్‌ని మెల్లగా తిప్పుతూ లోపలికి తోస్తే మెట్టు మెట్టుగా దిగుతుంది. పూర్తిగా దిగిందో లేదో స్కేలు పెట్టి లోతు కొలుచుకో. దిగకుండానే హౌసింగ్ బోల్టులు లాగి బిగిస్తే లోపలి పంపు పగిలిపోతుంది. ఈ ఒక్క తప్పుతో ఆగిపోయిన బళ్లు షువైఖ్‌లో చాలా చూశాను.

మన సముద్రపు గాలి గురించి కూడా చెప్పాలి. ఆయిల్ చల్లబరచడానికి రేడియేటర్ దాకా వెళ్లే ఇనప పైపులు ఈ ఉప్పుగాలికి తుప్పు పట్టి, క్లిప్పుల కింద సన్నగా చెమర్చడం మొదలుపెడతాయి. తుప్పు పట్టిన పైపు మీద క్లిప్పు గట్టిగా బిగించి వదలొద్దు, పైపు మార్చు. గొట్టం వేడినీ ఆయిల్‌నీ తట్టుకునేదే వెయ్యి, నీళ్ల గొట్టం వద్దు. చాలా కార్లలో ఆయిల్ చల్లబడేది రేడియేటర్ తొట్టి లోపలే. రేడియేటర్‌లో ఉప్పగా ఉండే బోరు నీళ్లు పోస్తూ ఉంటే లోపలి గోడ తినేసి, నీళ్లూ ఆయిలూ కలిసిపోతాయి. అప్పుడు ఆయిల్ గులాబీ రంగు పాలలా అవుతుంది. అలా కనపడితే బండి స్టార్ట్ కూడా చెయ్యకు, నీళ్లు తగిలిన క్లచ్ ప్లేట్ల పూత ఊడిపోతుంది. 2022 జూలై వరదకి లంకల్లో నీళ్లలో నిలబడ్డ బళ్లు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి, సెకండ్ హ్యాండ్ బండైతే ఆ మాట అడగడం మరిచిపోకు.

ఇక ఆయిల్. ఎర్రగా ఉన్నవన్నీ ఒకటి కావు. ఆ క్లచ్ ప్లేట్లు ఎంత జారాలో ఎక్కడ పట్టుకోవాలో నిర్ణయించేది ఆయిలే. ఒకప్పుడు ఆ గుణం కోసం అమెరికాలో అందులో తిమింగలం నూనె కలిపేవారు, 1970ల మొదట్లో ఆ వేటని కట్టడి చేశాక వేరే రసాయనాలు వెతుక్కోవాల్సి వచ్చింది. నీ ఐ10కి ఎస్‌పీ-త్రీ. హోండా వాళ్లు మునుపు జెడ్-వన్ పోసేవారు, దాని చోట డీడబ్ల్యూ-వన్ వచ్చింది. సీవీటీ బళ్లకి వాటి ఆయిల్ వేరే. డబ్బా మీద 'అన్ని బళ్లకీ' అని రాసి ఉన్నదాన్ని నేను నా చేత్తో పొయ్యను. సీళ్లు మెత్తబరిచి లీకు ఆపుతామనే మందు డబ్బాలు కూడా వద్దు. అవి మంచి సీళ్లని కూడా ఉబ్బిస్తాయి.

మట్టం చూసే పద్ధతి కూడా బండిబండికీ వేరు. ఐ10లో ఆయిల్ 70, 80 డిగ్రీలు వేడెక్కేదాకా నడిపి, చదునైన చోట ఇంజన్ ఆడుతుండగానే, బ్రేకు మీద కాలు పెట్టి గేరు అన్ని స్థానాలకీ తిప్పి, ఎన్‌లో ఉంచి డిప్‌స్టిక్ చూడు. హాట్ గీతల మధ్య ఉండాలి. పాత టయోటాలకి పీలో ఉంచి చూస్తారు. హోండాకైతే ఇంజన్ ఆపేసి, నిమిషం ఆగి, నిమిషన్నర లోపే చూడాలి. ఒకదాని పద్ధతి ఇంకోదానికి వాడితే మట్టం తప్పు చూపించి, ఎక్కువో తక్కువో పోసేస్తావు. చాంబర్ విప్పినప్పుడు లోపలి ఆయిల్ అంతా రాదు, చాలా మటుకు కన్వర్టర్‌లో ఉండిపోతుంది. అందుకని కిందకి ఎంత వచ్చిందో కొలిచి, అంతే పోసి, తర్వాత మట్టం సరిచూసుకో.

ఇంకో సంగతి. మన దేశంలో 2014లో సెలెరియోతో మొదలై ఇప్పుడు ఊరూరా ఉన్న ఏఎంటీ బళ్లని కూడా జనం ఆటోమేటిక్ అనే అంటారు. వాటి లోపల ఉండేది మామూలు గేర్‌బాక్సే, క్లచ్ నొక్కి గేరు మార్చడానికి పైన ఒక పరికరం ఉంటుంది. వాటికి ఈ ఉత్తరంలో సగం వర్తించదు.

టీచరమ్మగారికి రెండు మాటలు చెప్పి పంపు. డీలో పెట్టగానే బండి ఆలస్యంగా కదిలినా, వంతెన ఎక్కేటప్పుడు ఇంజన్ అరుస్తూ బండి సాగకపోయినా వెంటనే ఆపెయ్యాలి, పరవాలేదని ఇంటిదాకా నడపకూడదు. కట్టి లాగించాల్సి వస్తే ముందు చక్రాలు నేల తగలకూడదు. ఇంజన్ ఆగితే లోపలి పంపూ ఆగుతుంది, చక్రాలు మాత్రం తిరుగుతూ లోపలి భాగాలని ఆయిల్ లేకుండా అరగదీస్తాయి.

తీసిన పాత ఆయిల్ కాలవలో పొయ్యకు, కొబ్బరి మొదళ్లలోనూ వద్దు. మూత ఉన్న డబ్బాల్లో పోగుచేసి, వాడిన ఆయిల్ శుద్ధి చేసేవాళ్లకి ఇవ్వు. ధవళేశ్వరం నుంచి వచ్చే ఆ కాలవ నీళ్లే మన తాగునీటి చెరువుల్లోకీ చేరతాయి.

కువైట్ నుంచి తెచ్చుకున్న సీళ్లు కొట్టే గొట్టాల సెట్టు నా పెట్టెలో ఉంది. రేపు అమలాపురం వచ్చే మనిషితో పంపిస్తాను, కొలతలు వాటి మీదే చెక్కి ఉన్నాయి. పౌడరు చల్లి చూశాక ఎర్రగీత ఫోటో తీసి పంపు. ఆ ఫోటో చూసేదాకా ఆవిడకి ఏ లెక్కా చెప్పకు.

ఇట్లు,
మావయ్య