సగటున రెండు పిప్పి పళ్ళు

"పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోతాయిలే" అనే మాట మన ఇళ్ళల్లో వినిపించేదే. ఊడేలోపు ఆ పిప్పి పన్నుతో పిల్లలు అన్నం నమల్లేక, రాత్రిళ్ళు నిద్రపట్టక ఎంత అవస్థ పడతారో చూసినవాళ్ళకే తెలుస్తుంది. మరి ఒక ఊళ్ళో పిల్లల పళ్ళు ఎంత పాడయ్యాయో లెక్క కట్టేదెలా? సీఎస్ఈ బుర్ర కదా, నాకు ఆ లెక్క మీద ఆసక్తి కలిగింది.

ప్రపంచమంతా ఎక్కువగా వాడే కొలత పేరు డీఎంఎఫ్‌టీ. డి అంటే పుచ్చిన పన్ను, ఎం అంటే పుచ్చడం వల్ల తీసేసిన పన్ను, ఎఫ్ అంటే ఫిల్లింగ్ చేసిన పన్ను, టి అంటే టూత్. ఒక్కొక్కరి నోట్లో ఇలాంటివి ఎన్ని ఉంటే అదే వాళ్ళ స్కోరు. 1938లో అమెరికాలో క్లైన్, పామర్, నట్సన్ అనే ముగ్గురు మేరీలాండ్‌లోని హేగర్స్‌టౌన్ బడిపిల్లల మీద చేసిన అధ్యయనంతో ఇది వాడుకలోకి వచ్చింది. ఇంగ్లిష్‌లో పెద్ద అక్షరాలతో రాస్తే శాశ్వత దంతాలు, చిన్న అక్షరాలతో రాస్తే 20 పాలపళ్ళు. అచ్చం మన ప్రోగ్రామ్‌లో వేరియబుల్ పేర్లలాగే, అక్షరం సైజు మారితే అర్థం మారిపోతుంది!

ఇక్కడ మూడు చిక్కులున్నాయి.

ఒకటి, శాశ్వత దంతాల స్కోరు పెరగడమే తప్ప తగ్గదు. ఫిల్లింగ్ చేయిస్తే డి ఒకటి తగ్గి ఎఫ్ ఒకటి పెరుగుతుంది, మొత్తం అంతే ఉంటుంది. స్కోరు 3 అంటే మూడూ బాగుచేయించుకున్న పిల్లాడు కావచ్చు, మూడింటితోనూ నొప్పి పడుతున్న పిల్లాడు కావచ్చు. అందుకే డి ఎంతో విడిగా చూడాలి.

రెండు, సగటు. తొమ్మిది మంది పిల్లలున్నారనుకోండి. ఆరుగురికి 0, మిగతా ముగ్గురికి 4, 6, 8. మొత్తం 18, సగటు 2. 2000 నాటికి 12 ఏళ్ళ పిల్లల సగటు 3 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ లక్ష్యం పెట్టుకుంది. ఆ లెక్కన మన క్లాసు పాస్! కానీ సగటు చెప్పే రెండు పుచ్చు పళ్ళు ఈ తొమ్మిది మందిలో ఒక్కరికీ లేవు. ఈ లోపం చూసే 2000లో బ్రాట్‌హాల్ అనే స్వీడన్ పరిశోధకుడు కొత్త సూచిక చెప్పాడు. అందరిలో స్కోరు ఎక్కువున్న మూడో వంతు పిల్లల్ని మాత్రమే తీసుకుని సగటు కట్టాలి. మన క్లాసులో అది 6. ఒకే డేటా, కానీ 2 చూస్తే ధీమా, 6 చూస్తే కంగారు.

మూడు, మామూలు సర్వేల్లో పంటికి గుంట పడ్డాకే డి కింద రాస్తారు. అంతకు ముందే పంటి మీద సుద్ద రంగు తెల్లమచ్చ వస్తుంది. ఫ్లోరైడ్ టూత్‌పేస్ట్‌తో, తీపి తగ్గించడంతో పుచ్చుని ఆపగలిగే దశ అదే. దాన్ని కూడా లెక్కపెట్టడానికి ఐసీడీఏఎస్ అనే పద్ధతిలో 0 నుంచి 6 దాకా కోడ్‌లు ఉన్నాయి. నల్గొండ లాంటి ప్రాంతాల్లో నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే మచ్చలు మాత్రం వేరు. అవి ఫ్లోరోసిస్, వాటిని కొలవడానికి డీన్ సూచిక ఉంది.

రేపు ఎన్ఎస్ఎస్ తరఫున ఏదైనా బడిలో దంత శిబిరానికి వెళ్తే ఈ అంకెల్ని ఎక్సెల్‌లో ఎక్కించే పని మనలాంటి వాళ్ళకే అప్పజెప్తారు. అప్పుడు సగటు ఒక్కటీ తీసి రిపోర్ట్ ముగించేయకండి. డి కాలమ్ విడిగా కూడండి, షీట్‌ని స్కోరు వారీగా సార్ట్ చేసి పై మూడో వంతు చూడండి. రెండు నిమిషాల పని. డాక్టరు ముందుగా ఏ పిల్లల్ని పిలవాలో ఆ వరుసలే చెప్తాయి.