పంట మీద పడే పందికి ఏ తూటా?

మొక్కజొన్న, వేరుశనగ చేలల్లో అడవి పందులు పడితే తుపాకీవాడిని పిలుద్దామనుకుంటాం. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అటవీశాఖ అనుమతి ఉంటేనే కాల్చాలి.

12 బోరు ఎల్‌జీ తూటాలో పెద్ద గుళ్లు కొన్ని ఉంటాయి. 30 గజాల లోపు బాగా పనిచేస్తాయి. దూరం పెరిగితే చెదిరిపోతాయి. గాయపడ్డ పంది పొదల్లో దూరి, వెతికేవాళ్ల మీదికొస్తుంది.

315 రైఫిల్‌ది 8 మిల్లీమీటర్ల ఒకే గుండు. మెత్తటి ముక్కు రకమైతే ఒంట్లో విచ్చుకుంటుంది, 100 గజాల్లోనూ పడగొడుతుంది. గురి తప్పితే మాత్రం కిలోమీటరు దాటి పోగలదు. అందుకే మంచె మీంచి కిందికి, వెనక మట్టికట్ట ఉన్న వైపే కాల్పించండి. పక్క చేలల్లో కాపలా పడుకునేవాళ్లను ఆ రాత్రికి ఇంటికి పంపండి.