తెలిసినట్లు కనబడు మాటలు

చదువవలసిన భాగములు: 1 పేతురు 3:1–2; రోమా 1:8–15; 1 థెస్సలొనీక 4:13–18; లూకా 22:31–32.



మన సంఘములలో కొందరు తెలుగు బైబిలుతోపాటు కింగ్ జేమ్సు ఇంగ్లీషు బైబిలును కూడ చదువుచున్నారు. అది 1611వ సంవత్సరమున వెలువడిన తర్జుమా గనుక అందు పాత మాటలు విస్తారముగా నున్నవి. యెషయా 14:23లో ‘బీజమ్’ అను మాట కలదు, అది చీపురు. నిర్గమకాండము 28:32లో ‘హాబర్జియన్’ కలదు, అది యుద్ధకవచము. ఇట్టి మాటలు మనలను మోసపుచ్చవు. తెలియదని మనకే తెలియును గనుక నిఘంటువు తీయుదుము. మోసపుచ్చునవి వేరే యున్నవి. అవి నేటికిని అందరి నోట నున్న మాటలే. అర్థము మాత్రము మారిపోయినది.

సెమినరీ చదువు ముగించి మొదటి సంఘమునకు వచ్చిన దినములలో మేమే ఇట్లు మోసపోతిమి. స్త్రీల కూటములో 1 పేతురు 3:1 మీద ప్రసంగింపవలసి యుండెను. ఇంగ్లీషు బైబిలులో భార్యల ‘కాన్వర్సేషన్’ వలన భర్తలు రాబట్టబడుదురని చూచితిమి. ఆ మాటకు సంభాషణ అని మాకు తెలియును గదా! భర్తలతో మంచిమాటలు ఎట్లు ఆడవలెనో, వాక్యమును ఎట్లు ఎత్తి చెప్పవలెనో అరగంట బోధించితిమి. కూటము ముగిసిన తరువాత ఒక పెద్దమ్మ తన తెలుగు బైబిలు తెరచుకొని వచ్చి, “అయ్యగారూ, మా పుస్తకంలో నడవడి అని ఉందండీ. నోటితో చెప్పకుండా నడిచి చూపమన్నాడు గదా పేతురు. తమరేమో మాట్లాడమంటున్నారే?” అని అడిగెను.

ఆమె చెప్పినదే నిజము. ఆ కాలపు ఇంగ్లీషులో ‘కాన్వర్సేషన్’ అనగా మనుష్యుడు బ్రదుకు రీతి. అపొస్తలుడు చెప్పినదానికి సరిగా ఎదురైన దానిని మేము బోధించితిమి. ఆ కూటములో భర్తలు గుడికి రాని సహోదరీలు ముగ్గురుండిరి. మా బోధ విని వారు ఇంటికిపోయి ఎంత వాదన పెట్టుకొనియుందురో అని తలంచి సిగ్గుపడితిమి. మరుసటి వారము అదే కూటములో మా తప్పు ఒప్పుకొంటిమి.

ఇట్టి మాటలు మరి రెండు చూతము.

1. ‘లెట్’. నేడు దీనికి పోనిచ్చుట అని అర్థము. రోమా 1:13లో పౌలు తాను ‘లెట్’ చేయబడితినని చెప్పుచున్నాడు. అనగా ఆటంకపరచబడితినని భావము. ప్రాచీన ఇంగ్లీషులో పోనిచ్చుటకు ఒక మాట, అడ్డగించుటకు వేరొక మాట ఉండగా, కాలక్రమమున రెండును ఒకే ధ్వనికి వచ్చెను. అడ్డగించుట అను అర్థము నేడు దాదాపు మాసిపోయినను, మన భారతదేశపు పాస్‌పోర్టులో అడ్డంకి అను భావముతో ఆ మాట ఇంకను అచ్చుపడుచున్నది.

2. ‘ప్రివెంట్’. నేడు నివారించుట. లాటిను మూలమును బట్టి దాని మొదటి అర్థము ముందుగా వచ్చుట. 1 థెస్సలొనీక 4:15లో ఈ మాట ఉన్నది. ప్రభువు వచ్చునప్పుడు బ్రదికియున్నవారు చనిపోయినవారికంటె ముందుగా చేరరని దాని భావము. సమాధియొద్ద ఏడ్చుచున్న తల్లికి ఇది ఎంత ఆదరణ! ఆమె బిడ్డ వెనుక విడువబడలేదు. ‘నివారించుట’ అని చదివినయెడల ఈ ఆదరణ చేజారిపోవును.

‘మీట్’ అనగా ఆ దినములలో ఏ ఆహారమైనను. కనుకనే ఆదికాండము 1:29లో చెట్ల ఫలములు కూడ ‘మీట్’ అనబడెను. ‘కార్న్’ అనగా ధాన్యము, మొక్కజొన్న కాదు. అపొస్తలుల కార్యములు 21:15లోని ‘క్యారేజి’ బండి కాదు, ప్రయాణపు సామాను.

దీనికి ఇంగ్లీషును ఎగతాళి చేయనక్కరలేదు. మన తెలుగులోను చీర అనగా పూర్వము ఏ వస్త్రమైనను. కంపు అనగా సువాసనకును చెల్లెను. ఊరి బాట మారినట్లు మాటయు మారును.

పాత మాటలన్నియు చిక్కులే అనుకొనవద్దు. ‘థౌ’, ‘థీ’ అనునవి ఒక్కనితో చెప్పునవి. ‘యీ’, ‘యూ’ అనేకులతో చెప్పునవి. లూకా 22:31–32లో సాతాను కోరినది శిష్యులందరిని. ప్రభువు వేడుకొనినది ప్రత్యేకముగా సీమోను కొరకు. నేటి ఇంగ్లీషులో రెండిటికిని ఒకే మాట గనుక ఈ భేదము కనబడదు. మన తెలుగులో ‘మిమ్మును’, ‘నీ’ అని అది తేటగా నున్నది.

కాబట్టి ప్రియులారా, మూడు సంగతులు జ్ఞాపకముంచుకొనుడి. ఇంగ్లీషు బైబిలు ప్రక్కను తెలుగు బైబిలు తెరచియుంచుడి. రెండును వేర్వేరుగా పలికినట్లు తోచినచోట ఆగుడి. పాత అర్థములను కూడ చూపు పెద్ద నిఘంటువును చూడుడి; బడిపిల్లల చిన్న నిఘంటువు చాలదు.

ఈ నెల అభ్యాసము: హెబ్రీ 4:12లోని ‘క్విక్’, 1 పేతురు 2:9లోని ‘పెక్యూలియర్’ అను మాటలకు సరియైన అర్థము మీ తెలుగు బైబిలులోనే వెదకి వ్రాసికొనుడి.

తెలియని మాటయొద్ద మనము అడుగుదుము; తెలిసినదనుకొన్న మాటయొద్ద అడుగము. మాకు పాఠము నేర్పిన ఆ పెద్దమ్మకు ఇంగ్లీషు అక్షరము ఒకటియు రాదు. అయినను తన పుస్తకమును ఆమె నిదానముగా చదివెను. అట్టి నిదానమును ప్రభువు మనకందరికిని దయచేయును గాక.