ఒకటి ఫుట్, రెండు ఫీట్



మన సంఘపు బిడ్డలలో ఆరవ తరగతి చదివే ఒక పాప బడిలో "మై టూత్స్" అని చదివి నవ్వులపాలైంది. ఆనాటి నుండి క్లాసులో చెయ్యి ఎత్తడమే మానేసిందట. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బడిలో ఇంగ్లీషు మోసే బిడ్డ అది. "నేర్పుదామంటే నాకే రాదండి అయ్యగారూ" అని తల్లి మాతో చెప్పి బాధపడింది. ఆమె వంటి తల్లుల కొరకే ఈ పాఠము.

ఇంగ్లీషులో చాలా మాటలకు చివర "ఎస్" చేర్చితే బహువచనమవుతుంది. కొన్ని మాత్రం లోపలి అచ్చునే మార్చుకుంటాయి. వాడుకలో ఇవి ఏడే: మ్యాన్–మెన్, వుమన్–విమిన్, ఫుట్–ఫీట్, టూత్–టీత్, గూస్–గీస్, మౌస్–మైస్, లౌస్–లైస్. వీటిలో "విమిన్" దగ్గర పెద్దలమే తప్పుతాము. ఒక స్త్రీ అయినా పదిమంది అయినా "వుమన్" అనే పలుకుతుంటాము.

ఇదేమి వింత అనుకోకండి. మనము "మనిషిలు" అంటామా? "మనుషులు" అంటాము. వెనుక వచ్చిన "లు" ముందున్న "ఇ"ని "ఉ"గా మార్చింది. పులి–పులులు, కత్తి–కత్తులు అంతే. వెయ్యేండ్లకు మించిన కాలం క్రిందట ఇంగ్లీషులోనూ ఇట్లే జరిగింది. ఆ మాటల బహువచనానికి చివర "ఇ" వంటి శబ్దముండేది. అది ముందరి అచ్చును తనవైపు లాగి, తాను రాలిపోయింది. మన "లు" నిలిచింది, వారి "ఇ" పోయింది.

ఇక "చిల్డ్రన్". ఇది రెండుసార్లు బహువచనమైన మాట. పాత బహువచనంలోనే "ర" చేరి ఉండగా, అది చాలదని తరువాతివారు "ఎన్" కూడా తగిలించారు. దానికి మనము మూడవసారి "ఎస్" పెట్టరాదు. (మేమే ఒక ఆహ్వాన పత్రంలో "ఆల్ చిల్డ్రన్స్" అని వేసి సిగ్గుపడ్డాము.) "చిల్డ్రన్స్ డే" అన్నప్పటి "ఎస్" వేరు. అక్కడ "పిల్లల" అని అర్థము.

1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు చదివేవారికి "బ్రెదరెన్", ఫరో కలలోని ఆవులకు "కైన్" కనబడతాయి. ఇవీ పాత బహువచనాలే. అందులోనే "చెరుబిమ్స్" అని ఉన్నది. హెబ్రీలో "ఈమ్" అంటేనే బహువచనం. దానిపై మరల "ఎస్" పెట్టారు! మన తెలుగు బైబిలులో "ఈమ్" లేకుండా "లు" చేర్చి "కెరూబులు" అన్నారు.

షీప్, డీర్ ఎన్ని ఉన్నా మారవు. "ఈజ్", "ఆర్" చూసి లెక్క తెలుసుకోవాలి. లోఫ్–లోవ్స్, నైఫ్–నైవ్స్ అవుతాయి గాని రూఫ్ మాత్రం రూఫ్స్. ఇక్కడ సూత్రం పనిచేయదు, మాట మాటగా నేర్చుకోవలసినదే.

ఇల్లు–ఇండ్లు, చెయ్యి–చేతులు అని మన బిడ్డలకు ఎవరూ బట్టీ పట్టించలేదు, విని నేర్చుకున్నారు. కనుక పట్టిక వల్లె వేయించకండి. ఉదయం పళ్లు తోమే వేళ ఒక పన్ను చూపి "వన్ టూత్" అనండి. నోరంతా చూపి ఏమనాలో బిడ్డనే చెప్పనివ్వండి.