వేడెక్కుతున్న సముద్రాలలో పగడపు దిబ్బల ఆరోగ్య నిర్ధారణ: కొలమానాలు, వాటి పరిమితులు

ఉపోద్ఘాతం

పగడం జంతువే అయినా దాని మనుగడ కిరణజన్య సంయోగక్రియపై ఆధారపడి ఉంటుంది. పగడపు కణజాలంలో నివసించే జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు తయారుచేసే ఆహారమే దాని శక్తి అవసరాలలో అధిక భాగాన్ని తీరుస్తుంది. సముద్రజలం వేడెక్కినప్పుడు ఈ శైవలాల కిరణజన్య వ్యవస్థ దెబ్బతింటుంది. పగడం వాటిని కోల్పోతుంది. అప్పుడు పారదర్శకమైన కణజాలం గుండా సున్నపు అస్థిపంజరం తెల్లగా కనిపిస్తుంది. దీనినే వివర్ణత అంటారు. తెల్లబారిన పగడం వెంటనే మరణించదు. ఆహారం లేక క్షీణిస్తుంది. వేడి త్వరగా తగ్గితే కోలుకుంటుంది, కొనసాగితే మరణిస్తుంది. ఈ నడిమి దశను సకాలంలో గుర్తించడమే ఆరోగ్య నిర్ధారణ లక్ష్యం. ఇందుకు వాడే పద్ధతులలో పలు సూత్రాలు సస్య శాస్త్ర విద్యార్థులకు పరిచితమైనవే.

ఉష్ణ సంచయం

పంటల పెరుగుదలను గ్రోయింగ్ డిగ్రీ డేస్‌తో లెక్కించినట్లే, పగడాలపై ఉష్ణ ఒత్తిడిని డిగ్రీ హీటింగ్ వీక్స్‌తో లెక్కిస్తారు. అమెరికాకు చెందిన నోవా సంస్థ ఉపగ్రహ సమాచారంతో ఈ సూచికను రూపొందిస్తుంది. ఆ ప్రాంతంలో సంవత్సరంలోకెల్లా వెచ్చని నెల దీర్ఘకాల సగటు ఉష్ణోగ్రత దీనికి ఆధారం. దానికంటే 1 డిగ్రీ సెల్సియస్ లేదా అంతకు మించి నమోదైన వ్యత్యాసాలను మాత్రమే గడచిన 12 వారాలకు కూడుతారు.

ఉదాహరణకు ఆధార ఉష్ణోగ్రత 29.0 డిగ్రీలు అనుకుంటే, 30.5 డిగ్రీల వద్ద 2 వారాలకు 3, 31.0 డిగ్రీల వద్ద 3 వారాలకు 6, మొత్తం 9 డిగ్రీ-వారాలు అవుతాయి. 29.6 డిగ్రీలు నమోదైన వారం లెక్కలోకి రాదు. సూచిక 4కు చేరితే గణనీయమైన వివర్ణతను, 8కి చేరితే తీవ్ర వివర్ణతతో పాటు మరణాలను ఆశించవచ్చు. అయితే ఇది ఒత్తిడికి కొలతే కాని, పగడం స్పందనకు కొలత కాదు.

రంగు

వరిలో నత్రజని అవసరాన్ని లీఫ్ కలర్ చార్టుతో అంచనా వేసే విధానాన్ని పోలినదే క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం రూపొందించిన కోరల్ హెల్త్ చార్టు. ఇందులో రంగు గాఢతకు 1 నుండి 6 వరకు స్థాయిలు ఉంటాయి. ఒకే పగడంలో 2 స్థాయిల మార్పు కనిపిస్తే శైవలాల సాంద్రత మారినట్లు భావిస్తారు. జాతిని, రుతువును బట్టి సహజంగానే రంగు మారుతుంది. కనుక ఒక్కసారి చూసిన రంగు కంటే అదే పగడాన్ని పదేపదే పరిశీలించి నమోదు చేసిన మార్పే విశ్వసనీయం.

పత్రహరిత ప్రతిదీప్తి

బెట్టకు గురైన పైరులో ఆకు వాడకముందే ఒత్తిడిని పసిగట్టే క్లోరోఫిల్ ఫ్లోరెసెన్స్ పరికరాన్నే నీటి అడుగున వాడేందుకు అనువుగా మార్చారు. చీకటిలో ఉంచిన తరువాత కొలిచే ఎఫ్‌వి/ఎఫ్‌ఎమ్ నిష్పత్తి తగ్గితే, రంగు మారకపోయినా శైవలాల కిరణజన్య సామర్థ్యం దెబ్బతిన్నదని గ్రహించవచ్చు. సీబ్యాస్ అనే స్వల్పకాలిక పరీక్షలో పగడపు ముక్కలను వేర్వేరు ఉష్ణోగ్రతలకు గురిచేసి, ఈ నిష్పత్తి సగానికి పడిపోయే ఉష్ణోగ్రతను నిర్ణయిస్తారు. కలుపు మందుల మోతాదు-స్పందన పరీక్షలలోని ఇ.డి.50 భావనే ఇది. దీని ద్వారా వేడిని తట్టుకునే పగడాలను ఎంపిక చేయవచ్చు. కాని ఈ నిష్పత్తి శైవలాల స్థితిని తెలుపుతుందే కాని, ఆతిథ్యమిచ్చే జంతువు స్థితిని నేరుగా తెలుపదు.

విస్తీర్ణం: గ్రేట్ బ్యారియర్ రీఫ్ నేర్పిన పాఠం

సజీవ పగడాలు ఆక్రమించిన విస్తీర్ణ శాతం అత్యధికంగా వాడుకలో ఉన్న కొలమానం. ఆస్ట్రేలియా సముద్ర విజ్ఞాన సంస్థ పరిశీలకులు పడవ వెనుక తేలుతూ దిబ్బ చుట్టూ 2 నిమిషాల విడతలలో దీనిని అంచనా వేస్తారు. 2016, 2017, 2020, 2022 సంవత్సరాలలో సామూహిక వివర్ణత సంభవించినప్పటికీ, 2022 నివేదికలో గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఉత్తర, మధ్య భాగాలలో 36 సంవత్సరాల పరిశీలనలోనే అత్యధిక విస్తీర్ణం నమోదైంది. దిబ్బ పూర్తిగా కోలుకున్నదన్న వాదనలకు ఇది ఆధారమైంది. కాని ఆ పెరుగుదలలో అధిక భాగం ఆక్రోపోరా జాతులది. అవి వేగంగా పెరుగుతాయి. వేడికి, తుపానులకు అంతే వేగంగా నశిస్తాయి. 2024లో మళ్లీ సామూహిక వివర్ణత సంభవించింది. 2025 నివేదిక నాటికి ఉత్తర భాగంలో విస్తీర్ణం సుమారు 40 నుండి 30 శాతానికి, దక్షిణ భాగంలో సుమారు 39 నుండి 27 శాతానికి పడిపోయింది. ఏపుగా పెరిగిన పైరు ఆకు విస్తీర్ణాన్ని మాత్రమే చూసి దిగుబడిని నిర్ధారించడం ఎంతటి పొరపాటో, జాతుల కూర్పును గమనించకుండా విస్తీర్ణాన్ని ఆరోగ్యంగా పరిగణించడమూ అంతే పొరపాటు.

ముగింపు

ఉష్ణ సంచయం హెచ్చరికను, ప్రతిదీప్తి తొలి లక్షణాన్ని, రంగు ప్రస్తుత స్థితిని, జాతుల కూర్పుతో కలిపి చూసిన విస్తీర్ణం తుది ఫలితాన్ని తెలుపుతాయి. వీటిలో ఏ ఒక్కటీ మరొకదానికి ప్రత్యామ్నాయం కాదు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ అండమాన్, నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖలలోని దిబ్బలకు ఉపగ్రహ ఆధారిత వివర్ణత హెచ్చరికలను అందిస్తున్నది. ఆ హెచ్చరిక వెలువడిన వెంటనే క్షేత్రంలో రంగును, ప్రతిదీప్తిని కొలిచి, కొన్ని నెలల తరువాత అదే స్థలంలో జాతులవారీగా విస్తీర్ణాన్ని తిరిగి నమోదు చేసినప్పుడే, ఏ పగడాలు కోలుకున్నవో, ఏవి నశించినవో తేలుతుంది. సంరక్షణ చర్యలకు అటువంటి సమాచారమే పునాది.